చార్మాండర్‌ని చూడాలా, చారిజార్డ్‌ని చూడాలా?

పోకెమాన్ ఆట మొదలైన కాసేపటికే ఒక ప్రొఫెసర్ మూడు జీవుల్ని చూపించి ఒకదాన్ని తీసుకోమంటాడు. ఒకటి గడ్డి జాతిది, ఒకటి నిప్పు జాతిది, ఒకటి నీటి జాతిది. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో గేమ్ బాయ్ మీద ‘రెడ్’, ‘గ్రీన్’ ఆటలు విడుదలైనప్పుడు ఆ మూడూ బుల్బసార్, చార్మాండర్, స్క్విర్టిల్. 2022లో వచ్చిన ‘స్కార్లెట్’, ‘వయొలెట్’ ఆటల నాటికి తొమ్మిది తరాలు గడిచాయి. తరానికి మూడు చొప్పున 27 స్టార్టర్లు. ఒక్కొక్కటీ రెండేసి సార్లు రూపం మారుతుంది కాబట్టి అన్నీ కలిపి 81 రూపాలు.

మిగిలిన జీవుల్ని దారిలో గడ్డిపొదల్లోనో గుహల్లోనో వెతికి పట్టుకోవాలి. స్టార్టర్‌ని మాత్రం ఆటే పిలిచి చేతిలో పెడుతుంది. నచ్చకపోతే మార్చుకోవడానికి లేదు, ఆటను మొదటి నుంచి మళ్లీ మొదలుపెడితే తప్ప. అందుకే ముప్ఫయ్యేళ్లుగా ఆటగాళ్ల మధ్య తెగని తగువు ఇదొక్కటే: ఏది తీసుకున్నావు, ఎందుకు తీసుకున్నావు?

విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేసే ఒక మేనమామకీ, హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివే ఆయన మేనకోడలికీ ఎప్పుడు కలిసినా ఇదే వాదన. ఆయనది కార్టూన్ నెట్‌వర్క్‌లో యాష్‌నీ పికాచునీ చూసి, గేమ్ బాయ్ మొహం ఎరగకుండానే కంప్యూటర్లో ఎమ్యులేటర్ మీద ‘ఫైర్‌రెడ్’ ఆడిన తరం. ఆమెది స్విచ్ మీద ఆడుతూ, ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లతో డబుల్స్ పోటీలకి దిగే తరం. ఆయన స్టార్టర్ మొదటి రూపాన్ని చూస్తాడు. ఆమె చివరి రూపాన్ని చూస్తుంది.

“చివరికి ఏమవుతుందో చూడకుండా స్టార్టర్‌ని ముట్టుకోకూడదు మావయ్యా,” అంటుంది మేనకోడలు. “మొదటి రూపం పదహారో లెవెల్ దాకా. రెండోది ముప్ఫయ్యారు దాకా. ఆ తర్వాత ఆట అయిపోయే వరకూ, పోటీలాడితే ఏళ్ల తరబడి, నా జట్టులో ఉండేది మూడోదే. ఎక్కువ కాలం ఉండేదాన్ని చూసి తీసుకోవడం తప్పెలా అవుతుంది?”

“పెళ్లిచూపులకి వెళ్లి, అమ్మాయి అరవయ్యో ఏట ఎలా ఉంటుందో ఫొటో అడిగినట్టుంది నీ వరస,” అని మావయ్య నవ్వేస్తాడు. “నీ ముందుకొచ్చేది ఒక పిల్ల జీవి. దాని మొహం చూసి మనసు పడతావు. అది రేపు ఏమవుతుందో తెలియకుండా దాన్ని పెంచడమే ఈ ఆట. ఈ ఆట పుట్టిందే అక్కణ్ణుంచి.”

ఆయన చెప్పే పుట్టుక కథలో నిజం ఉంది. పోకెమాన్ సృష్టికర్త సతోషి తజిరి టోక్యో శివారు మచిడాలో పెరిగాడు. చిన్నప్పుడు ఆయనకి పురుగులు పట్టడం పిచ్చి. ఊరు పెరిగి, ఆయన పురుగులు పట్టిన పొలాలూ చెరువులూ ఇళ్ల కింద పోయాయి. పెద్దయ్యాక గేమ్ ఫ్రీక్ సంస్థ పెట్టిన తజిరి, రెండు గేమ్ బాయ్‌లని కలిపే తీగని చూసినప్పుడు దాని మీదుగా పురుగులు అటూ ఇటూ పాకుతున్నట్టు ఊహించుకున్నానని చెప్పుకున్నాడు. ఆటలో కేటర్‌పీ అనే గొంగళి ఏడో లెవెల్లో మెటాపాడ్ అనే గూడవుతుంది, పదో లెవెల్లో బటర్‌ఫ్రీ అనే సీతాకోకచిలుక అవుతుంది. పురుగుల డబ్బాతో తిరిగిన పిల్లాడి చేతి గుర్తు అందులో తెలుస్తూనే ఉంటుంది.

“ఆ పిల్లాడు డబ్బాలో గొంగళిని వేసుకున్నప్పుడు రెక్కలు ఏ రంగులో వస్తాయో ముందే చూసుకున్నాడా?” అని మావయ్య ప్రశ్న.

“చూసే వీలుంటే చూసేవాడే,” అని ఆమె జవాబు. “అంత దాచాలనుకున్నవాళ్లయితే ఆట పెట్టె మీద బొమ్మ ఎవరిది వేశారు? ‘రెడ్’ అట్ట మీద చారిజార్డ్. ‘గ్రీన్’ అట్ట మీద వీనసార్. ఆ తర్వాత వచ్చిన ‘బ్లూ’ మీద బ్లాస్టాయిస్. మూడూ చివరి రూపాలే. పిల్లాడు డబ్బులిచ్చి కొన్నది ఆ బొమ్మ చూసే మావయ్యా. నువ్వు చెప్పే గుట్టు దుకాణంలోనే రట్టయింది.”

“అట్ట మీద ఉన్నది ఎవరి బిడ్డో అట్ట చెప్పదు కదమ్మా.”

“తోక చివర మంట చూస్తే తెలిసిపోదూ?”

ఈ విషయంలో ఇద్దరూ తమకి సాక్షిగా పిలిచేది ఒక్క మనిషినే. ఆమె అత్సుకో నిషిదా. పికాచుకి రూపమిచ్చిన చిత్రకారిణి, తొలి మూడు స్టార్టర్ల వెనకా ఉన్నది ఆమె చెయ్యే. చార్మాండర్ కోసం ముందు చారిజార్డ్‌ని గీసి, అక్కణ్ణుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చానని ఆమె ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. రెక్కలున్న నిప్పు బల్లి మొదట పుట్టింది. తోక చివర దీపం పెట్టుకున్న బుజ్జి బల్లి దాని తర్వాత పుట్టింది.

“చూశావా, గీసినావిడే చివరి నుంచి మొదలుపెట్టింది,” అంటుంది మేనకోడలు. “చార్మాండర్‌ది చారిజార్డ్ నుంచి తీసి పెట్టిన రూపం. అసలు బొమ్మని వదిలి, దాంట్లోంచి తగ్గించిన బొమ్మ మీద మనసు పడమంటావు నన్ను.”

మావయ్యకి అదే మాట ఇంకోలా వినపడుతుంది. “తగ్గించడానికి ఎంత కష్టపడిందో ఆలోచించు. రెక్కలు తీసేసింది, గోళ్లు మొద్దు చేసింది, పొట్ట గుండ్రం చేసింది, కళ్లు పెద్దవి చేసింది. చారిజార్డ్ ఆనవాలు ఒక్క తోక మంటలో మిగిల్చింది. చూసేవాడు కనిపెట్టకూడదని కాకపోతే అంత పని ఎందుకు? ఆ గుట్టు నీ కోసం దాచింది. నువ్వేమో వెబ్‌సైట్ తెరిచి ముందే విప్పేసుకుంటావు.”

బొమ్మల దగ్గర తెగని వాదన ఆట నడక దగ్గరికి మళ్లుతుంది. తొలి ఆటలో మొదటి పెద్ద పరీక్ష ప్యూటర్ సిటీ జిమ్. అక్కడ జిమ్ లీడర్ బ్రాక్ దగ్గర పన్నెండో లెవెల్ జియోడూడ్, పద్నాలుగో లెవెల్ ఆనిక్స్ ఉంటాయి. రెండూ రాయి, నేల జాతులు కలిసినవి. బుల్బసార్ పదమూడో లెవెల్లో నేర్చుకునే వైన్ విప్ వాటి మీద నాలుగు రెట్లు పడుతుంది. స్క్విర్టిల్ నీళ్ల దెబ్బా అంతే. చార్మాండర్ నిప్పు మాత్రం సగమే తగులుతుంది. కాస్త ఊరట ఏమిటంటే, నిప్పు దెబ్బని తట్టుకునే స్పెషల్ విలువ ఆనిక్స్‌కి 30 మాత్రమే, కాబట్టి ఆ సగం దెబ్బ కూడా లెక్కకి వస్తుంది. దాన్ని దాటుకుని సెరూలియన్ సిటీకి వెళితే అక్కడ మిస్టీ, ఆమె నీటి జీవులు. చార్మాండర్ పట్టుకున్నవాడికి వరసగా రెండు గండాలు.

“ఏది సులభమో ఏది కష్టమో ఆట నీకు చెప్పదు,” అంటాడు మావయ్య. “నీ ఎంపికే నీ కష్టాన్ని నిర్ణయిస్తుంది. దారిలో ఏం పట్టుకోవాలి, ఎవర్ని పెంచాలి, అన్నీ ఆ ఒక్కదాన్ని బట్టే మారతాయి. చివరి రూపం చూసుకుని వచ్చినవాడు ఆ కష్టాన్ని ముప్ఫయ్యారో లెవెల్‌కి కట్టే కిస్తీలా భరిస్తాడు. నాకు అలా కాదు. ఆ పద్నాలుగో లెవెల్ ఆనిక్స్‌తో పడిన తంటాయే నాకు చార్మాండర్.”

“ఆ తంటా తయారుచేసినవాళ్లకే నచ్చలేదు మావయ్యా. నువ్వాడిన ‘ఫైర్‌రెడ్’లోనే దాన్ని సవరించారు. తొలి ఆటకే 2004లో వచ్చిన కొత్త రూపం అది. చార్మాండర్‌కి పదమూడో లెవెల్లో మెటల్ క్లా ఇచ్చారు, రాయి మీద పడేలా. అంతకుముందు 1998లో పికాచుతో మొదలయ్యే ‘యెల్లో’ తెచ్చినప్పుడు, దాని కరెంటు బ్రాక్ దగ్గర అసలు పనిచెయ్యదని తెలిసి, బ్రాక్ ఊరికి చేరకముందే ఒక దారిలో ఫైటింగ్ జాతి మాంకీని పెట్టారు. తెలియక ఎంచుకున్నవాడు మరీ ఇరుక్కోకూడదని వాళ్లే అనుకున్నారు.”

“తెలియక ఎంచుకుంటారని వాళ్లూ అనుకున్నారన్నమాటేగా!”

ఆమె ఒక్క క్షణం ఆగుతుంది. ఆ వెంటనే చికోరీటాని లాక్కొస్తుంది.

1999 నవంబరు 21న వచ్చిన ‘గోల్డ్’, ‘సిల్వర్’ ఆటల్లో గడ్డి స్టార్టర్ చికోరీటా. తల మీద పెద్ద ఆకు, మెడ చుట్టూ మొగ్గల దండ. చూడగానే చేతిలోకి తీసుకోవాలనిపించే జీవి. జోటో ప్రాంతంలో మొదటి జిమ్ పక్షులది, రెండోది పురుగులది. గడ్డికి రెండూ శత్రువులే. నాలుగో జిమ్‌లో విషం కలిసిన దెయ్యాలు, ఆరో జిమ్‌లో ఉక్కు, ఏడో జిమ్‌లో మంచు. చికోరీటా చేతిలో ఉన్నవాడికి తేలిగ్గా గడిచే ఊరు దాదాపు లేదు. దాని చివరి రూపం మెగానియం గడ్డి జాతిగానే మిగిలింది, రెండో జాతి కూడా కలవలేదు.

“మొహం చూసి తీసుకున్నవాళ్లకి జరిగిన మర్యాద అది,” అంటుంది మేనకోడలు. “నువ్వూ తీసుకున్నావుగా, ఎలా ఉంది?”

“డార్క్ కేవ్‌లో జియోడూడ్‌ని పట్టుకుని గట్టెక్కా. స్టార్టర్ ఒక్కదాన్నీ నమ్ముకుంటే పని జరగదని నాకు నేర్పింది అదే. నిప్పు స్టార్టర్ సిండాక్విల్ తీసుకున్నవాడు ఆ పాఠం నేర్చుకోడు, నిప్పుతో అన్నింటినీ కాల్చుకుంటూ పోతాడు.”

“పాఠాలు పెంపుడు జీవికి ఎందుకు శిక్ష కావాలి? మెగానియంకి మెగా రూపం ఎప్పుడొచ్చిందో తెలుసా? 2025లో, ‘లెజెండ్స్: జెడ్-ఏ’లో. 26 ఏళ్లు పట్టింది. అదే చారిజార్డ్‌కి 2013లోనే ఒకటి కాదు, రెండు మెగా రూపాలు. 2019లో ‘స్వోర్డ్’, ‘షీల్డ్’ వస్తే దానికి మొదటి రోజే గైగాంటమాక్స్ అనే భారీ రూపం. తోటి వీనసార్, బ్లాస్టాయిస్ ఆ తర్వాతి ఏడాది అదనపు భాగం వచ్చేదాకా కూర్చున్నాయి. కంపెనీవాళ్లు కూడా చివరి రూపాన్ని చూసే ప్రేమిస్తారు.”

వాదన నాలుగో తరానికి వచ్చేసరికి ఆమె పట్టు బిగుస్తుంది. 2006 నాటి ‘డైమండ్’, ‘పర్ల్’ ఆటల్లో మూడు స్టార్టర్లకీ చివర్లో రెండో జాతి కలుస్తుంది. టర్ట్‌విగ్ అనే తాబేలు పిల్ల వీపున చెట్టు మోసే టార్టెరా అవుతుంది, గడ్డికి నేల తోడవుతుంది. చిమ్‌చార్ అనే కోతి ఇన్ఫర్నేప్ అవుతుంది, నిప్పుకి ఫైటింగ్ తోడవుతుంది. పిప్లప్ అనే పెంగ్విన్ ఎంపోలియన్ అవుతుంది, నీటికి ఉక్కు తోడవుతుంది.

“ఇప్పుడు వరస చూడు. చిన్నప్పుడు నీరు నిప్పుని కొడుతుంది. పెద్దయ్యాక ఇన్ఫర్నేప్ క్లోజ్ కాంబాట్ కొడితే ఎంపోలియన్ ఉక్కు వంగిపోతుంది. చిన్నప్పుడు నిప్పు గడ్డిని కాలుస్తుంది. పెద్దయ్యాక టార్టెరా ముప్ఫయి రెండో లెవెల్లో రూపం మారుతూనే ఎర్త్‌క్వేక్ నేర్చుకుని ఇన్ఫర్నేప్‌ని పడగొడుతుంది. చిన్నప్పుడు గడ్డి నీటిని గెలుస్తుంది. పెద్దయ్యాక ఎంపోలియన్‌కి ఐస్ బీమ్ నేర్పితే టార్టెరా మీద నాలుగు రెట్లు పడుతుంది. మొదట్లో చూసిన త్రికోణం పూర్తిగా తిరగబడింది. మొదటి రూపాన్ని చూసి లెక్కలేసినవాడి లెక్కలన్నీ తప్పాయా లేదా?”

“తప్పాయి. ఆ తిరగబడటం ఆడుతూ ఆడుతూ నాకు దొరికింది. నీకు పట్టికలో దొరికింది.”

“పట్టిక చూడనివాడికి దొరికేది ఇంకోటుంది. ఆ ఆటలో చిమ్‌చార్ వంశం కాకుండా నిప్పు జాతి అంటే పోనీటా వంశం ఒక్కటే. నిప్పు నిపుణుడని పేరున్న ఎలైట్ ఫోర్ ఫ్లింట్ దగ్గరే ఐదింట్లో రెండు నిప్పు జీవులు. మిగిలినవి ఉక్కు పాము, కుందేలు, గాలిబుడగ దెయ్యం. పిప్లప్ మొహం బాగుందని తీసుకుంటే ఆట పొడుగునా నిప్పు కోసం ఒక గుర్రాన్ని వెతుక్కోవాలి.”

“నేను ఆ గుర్రాన్నే పెంచా,” అని మావయ్య ఒప్పుకుంటాడు. ఒప్పుకుంటూనే ఎదురు దెబ్బ తీస్తాడు. “చివరి రూపాలు చూసి ఎంచుకునేవాళ్లు ఎక్కువైతే ఏమవుతుందో కూడా చెప్పనా? 2002లో బ్లేజికెన్ నిప్పు, ఫైటింగ్. 2006లో ఇన్ఫర్నేప్ నిప్పు, ఫైటింగ్. 2010లో ఎంబోర్, మళ్లీ నిప్పు, ఫైటింగ్. కోడిపిల్ల, కోతిపిల్ల, పందిపిల్ల మూడూ వేర్వేరు జీవులు, మూడింటికీ మూడు అల్లర్లు. పెద్దయ్యాక ముగ్గురూ ఒకే గోదాలో దిగిన పహిల్వాన్లు. పట్టికలో ముగ్గురికీ ఒకే గడి. పిల్లల్ని చూసినవాడికి ముగ్గురూ గుర్తుంటారు.”

ఆ మూడో ఫైటింగ్ నిప్పు జీవి దగ్గర అభిమానులు నిజంగానే గట్టిగా విసుక్కున్నారు. 2013 నాటి ‘ఎక్స్’, ‘వై’ ఆటల్లో గేమ్ ఫ్రీక్ దారి మార్చింది. చెస్పిన్ కవచం తొడుక్కున్న యోధుడిలాంటి చెస్నాట్ అవుతుంది. ఫెన్నెకిన్ మంత్రదండం పట్టిన డెల్ఫాక్స్ అవుతుంది. ఫ్రోకీ అనే కప్ప, తన నాలుకనే కండువాలా చుట్టుకున్న నింజా గ్రెనింజా అవుతుంది. ఫైటింగ్ డార్క్‌ని, డార్క్ సైకిక్‌ని, సైకిక్ ఫైటింగ్‌ని గెలుస్తాయి కాబట్టి పాత త్రికోణం కిందే రెండో త్రికోణం కూడా సరిగ్గా అతికింది. 2020లో గూగుల్‌తో కలిసి జరిపిన ఓటింగులో గ్రెనింజా 1,40,559 ఓట్లతో ప్రపంచంలో మొదటి స్థానం కొట్టింది.

“ఆ ఓట్లు పడింది గ్రెనింజాకి. ఫ్రోకీకి కాదు,” అని మేనకోడలు గుర్తుచేస్తుంది.

“సరే, మరి లిట్టెన్ సంగతి?”

ఆమె ఈ పేరు కోసమే చూస్తున్నట్టుంటుంది. 2016 నవంబరులో వచ్చిన ‘సన్’, ‘మూన్’ ఆటల్లో నిప్పు స్టార్టర్ లిట్టెన్, నల్లటి పిల్లి పిల్ల. ఆట రాకముందే అభిమానులు ఒకటే మొక్కుకున్నారు: ఇది పెద్దయ్యాక రెండు కాళ్ల మీద నిలబడకూడదని. అది నిలబడింది. ఇన్సినరోర్ అనే పేరుతో, నడుం చుట్టూ నిప్పుల బెల్టుతో, కుస్తీ గోదాలో విలన్ వేషగాడిలా నిలబడింది. నాలుగు కాళ్ల పులి కావాలనుకున్నవాళ్ల గుండె పగిలింది.

“ఇదిగో, ఇక్కడ నీ పద్ధతి ఓడిపోయింది,” అంటాడు మావయ్య. “చివరి రూపం ముందే చూసినవాళ్లు లిట్టెన్‌ని వదిలేసి అదే ఆటలోని గడ్డి స్టార్టర్ రౌలెట్ వెనక పడ్డారు. చూడనివాళ్లు ఆ పిల్లిని ప్రేమగా పెంచారు. పెంచినవాళ్లకి ఆ పహిల్వాన్ కూడా తమ పిల్లే.”

“ఓడింది నా పద్ధతి కాదు, వాళ్ల చూపు. వాళ్లు చివరి రూపంలో కాళ్లు లెక్కపెట్టారు, నేను పని చూస్తా. ఇన్సినరోర్ గోదాలోకి దిగగానే ఇంటిమిడేట్‌తో ఎదుటివాళ్లిద్దరి అటాక్ తగ్గిస్తుంది. ఫేక్ అవుట్‌తో ఒకడి వంతు పోగొడుతుంది. పార్టింగ్ షాట్‌తో ఎదుటివాణ్ణి ఇంకాస్త బలహీనం చేసి, తాను తప్పుకుని నా ఇంకో జీవిని లోపలికి పంపుతుంది. పక్కవాడిని గెలిపించడం దాని విద్య. డబుల్స్ పోటీల్లో ఇన్నేళ్లుగా అంత ఎక్కువగా కనిపించిన స్టార్టర్ ఇంకోటి లేదు. అందం చూసి వదిలేసినవాళ్లు, మొహం చూసి తీసుకున్నవాళ్లు, ఇద్దరూ నీ పార్టీయే మావయ్యా.”

మావయ్యకి కాసేపు మాట రాదు. వచ్చాక, అసలు రూపం మారనివ్వని వాళ్ల గురించి మొదలుపెడతాడు.

ఆటలో జీవి రూపం మారడం మొదలైనప్పుడు ‘బీ’ బటన్ నొక్కితే ఆగిపోతుంది. 1996 నుంచీ ఉన్న సౌకర్యమే ఇది. ‘గోల్డ్’, ‘సిల్వర్’లో ఎవర్‌స్టోన్ అనే రాయి వచ్చింది, అది పట్టుకున్న జీవి అలాగే ఉండిపోతుంది. ఆగడం వల్ల లాభమూ ఉంది. తొలి ఆటల్లో చార్మాండర్‌గా ఉండిపోతే ఫ్లేమ్‌త్రోవర్ 38వ లెవెల్లో వస్తుంది, చార్మీలియన్‌కి 42లో, చారిజార్డ్‌కి 46లో. బుల్బసార్ 48వ లెవెల్లో నేర్చే సోలార్‌బీమ్ కోసం వీనసార్ 65 దాకా ఆగాలి.

“పిల్లగా ఉన్నప్పుడే చదువు త్వరగా అబ్బుతుందని ఆట ఒప్పుకుంది,” అంటాడు మావయ్య. “‘యెల్లో’లో మన పికాచుకి థండర్ స్టోన్ చూపిస్తే తల అడ్డంగా ఊపేస్తుంది, రైచు అవ్వనంటుంది. కార్టూన్‌లో యాష్ బుల్బసార్ కూడా అంతే. తోటివన్నీ రూపం మారే తోటలో నిలబడి, నేను మారను పొమ్మంది. అదే యాష్ దగ్గర చార్మాండర్ మారింది. చార్మీలియన్ అయ్యాక మాట వినడం మానేసింది, చారిజార్డ్ అయ్యాక పోటీ మధ్యలో పడుకుంది. చివరి రూపం అంత గొప్పదైతే ఈ కథలన్నీ వాళ్లెందుకు రాశారు?”

“కథల్లో బాగుంటుంది. అంకెల్లోకి రా. ఆరు సామర్థ్యాలూ కలిపితే బుల్బసార్ 318, వీనసార్ 525. చార్మాండర్ 309, చారిజార్డ్ 534. స్క్విర్టిల్ 314, బ్లాస్టాయిస్ 530. నీ ఎవర్‌స్టోన్ ఖరీదు ఇంచుమించు రెండు వందలు. పికాచుని నిలబెట్టడానికి కూడా లైట్ బాల్ అని ప్రత్యేకంగా దానికొక్కదానికే పనికొచ్చే వస్తువు చెయ్యాల్సి వచ్చింది. 2010లో ఇవియోలైట్ తెచ్చారు, రూపం మారాల్సింది ఇంకా మిగిలి ఉన్న జీవులకి రక్షణ ఒకటిన్నర రెట్లు చేస్తుంది. కావాలంటే నీ చార్మాండర్ చేతికి అది ఇచ్చి డబుల్స్‌కి రా, నేను ఇన్సినరోర్‌తో వస్తా.”

“నేను రానమ్మా. నేను పోటీలాడను, ఆట ఆడతాను.”

తగువు ఇక్కడ ఒక మలుపు తీసుకుంటుంది, ఎందుకంటే ఈ మాటలో ఆయన బాధ ఇంకొకటి ఉంది. తొలి ఆటలో ప్రొఫెసర్ ఓక్ మనవడు మన తర్వాత ఎంచుకుంటాడు, మనది ఏదైతే దాన్ని కొట్టేదే తీసుకుంటాడు. చార్మాండర్ ముద్దొచ్చిందని తీసుకుంటే ఎదురుగా స్క్విర్టిల్ నిలబడుతుంది, ఆట చివరి పోటీ దాకా వెంటాడుతుంది. తర్వాతి ఆటల్లో తీరు మారింది. 2016లో ప్రత్యర్థి హావు మన జీవి చేతిలో ఓడేదాన్ని తీసుకున్నాడు. 2019లో హాప్ అదే చేశాడు. 2022లో అప్పటికే చాంపియన్ స్థాయి ఉన్న నెమోనా కూడా కావాలనే బలహీనమైనదాన్ని ఎంచుకుంది. మావయ్య దృష్టిలో ఇది దయ పేరుతో చేసిన అన్యాయం. “ఎంపికకి వెల లేకుండా పోయింది. ఏది తీసుకున్నా ఎదుటివాడు తలొంచుకుని నిలబడతాడు. ఇంక దాన్ని ఎంపిక అంటారా?”

“అందుకేగా నేను చివరి రూపం చూస్తున్నది! మొదట్లో దేన్ని తీసుకున్నా ఒకటే అయినప్పుడు తేడా మిగిలేది చివర్లోనే. స్ప్రిగటీటో, ఫ్యూకోకో, క్వాక్స్లీ. పిల్లి, మొసలి, బాతు. నెమోనాతో ఏదైనా గెలుస్తుంది. చివరికి వెళ్లి చూడు. మియావ్‌స్కరాడా గడ్డి, డార్క్. స్కెలిడర్జ్ నిప్పు, ఘోస్ట్. క్వాక్వావల్ నీరు, ఫైటింగ్. గడ్డి నిప్పుకి భయపడాలి, కానీ డార్క్ దెబ్బ ఘోస్ట్‌ని కొడుతుంది. నీరు గడ్డికి భయపడాలి, కానీ ఫైటింగ్ దెబ్బ డార్క్‌ని కొడుతుంది. నిప్పు నీటికి భయపడాలి, కానీ ఫైటింగ్ దెబ్బ ఘోస్ట్‌కి అసలు తగలదు. ఇరవయ్యారేళ్ల ముందు ఒక వైపే తిరిగిన చక్రం ఇప్పుడు రెండు వైపులా తిరుగుతోంది. ఫ్యూకోకో నోరు తెరిచి నవ్వే మొహంలో ఇది ఎక్కడ కనపడుతుంది నీకు?”

“కనపడకపోవడమే బాగుంది. ఆ తిండిపోతు మొసలి ముప్ఫయ్యారో లెవెల్లో ముక్కు మీద నిప్పు పిట్టని కూర్చోబెట్టుకుని పాట పాడే దెయ్యపు మొసలి అవుతుందని తెలిసినవాడికి, తెలియనివాడికి ఒకే ఆనందం వస్తుందా?”

“తెలిసినవాడికి ముప్ఫయ్యారు లెవెళ్లు ఎదురుచూసే ఆనందం ఉంటుంది. అదేమీ తక్కువది కాదు.”

ఇద్దరూ అంతసేపూ గమనించకుండా వదిలేసింది ఒకటుంది. ఆమె చివరిదంటున్న రూపం ఎప్పుడూ ఒకచోట ఆగలేదు. ‘రెడ్’, ‘బ్లూ’లో చారిజార్డ్‌కి అంతంత రెక్కలున్నా, అది గాలి జాతే అయినా, దానికి ఫ్లై నేర్పడం కుదిరేది కాదు. 1998లో ‘యెల్లో’ వచ్చాకే ఎగిరింది. 2002లో బ్లేజికెన్‌ని చూసి ఎంచుకున్నవాడికి స్పీడ్ బూస్ట్ తెలియదు. పదకొండేళ్ల తర్వాత ‘ఎక్స్’, ‘వై’ కొన్నవాళ్లకి కానుకగా ఇచ్చిన టార్చిక్‌కి ఆ శక్తి ఉంది. వంతు వంతుకీ వేగం పెరిగే ఆ బ్లేజికెన్‌ని, స్మోగన్ అనే అభిమానుల వెబ్‌సైట్‌లో సొంతంగా నియమాలు పెట్టుకుని ఆడేవాళ్లు మామూలు పోటీల్లోంచి బయటికి పంపేశారు. 2022 జనవరిలో వచ్చిన ‘లెజెండ్స్: ఆర్సియస్’లో సిండాక్విల్, రౌలెట్, ఓషావాట్ పాత పిల్లలే, కానీ ఆ ఆట జరిగే హిసుయ్ నేల మీద పెరిగితే వేరేగా పెద్దవయ్యాయి. టైఫ్లోజన్ నిప్పుకి ఘోస్ట్ తోడైంది. డెసిడ్యూఐ దెయ్యం జాతి వదిలి ఫైటింగ్‌లోకి వచ్చింది. సామురాట్ నీటికి డార్క్ తోడైంది. పైగా ఆ ఆటలో లెవెల్ వచ్చినంత మాత్రాన జీవి దానంతటది మారదు. ఆటగాడు ఎప్పుడు మారమంటే అప్పుడే మారుతుంది.

ఈ సంగతి ఎత్తగానే మావయ్య మొహం వెలిగింది. “అంటే 1999లో సిండాక్విల్ చివరి రూపం చూసుకుని తీసుకున్నవాడు చూసింది సగమే. మిగతా సగం 23 ఏళ్లకి వచ్చింది.”

“వస్తే రానీ, అప్పుడు మళ్లీ చూసుకుంటా. నాకు పట్టిక పెరిగింది అంతే. నీ మొదటి రూపం మాత్రం ఒక్క ఆకు కూడా మారలేదు పాపం.”

“అదే నేను చెప్పేది! ముప్ఫయ్యేళ్లలో మారకుండా నిలబడ్డది పిల్ల రూపమే. జాతులు మార్చారు, శక్తులు మార్చారు, మెగాలు తగిలించారు, అన్నీ పెద్దవాటికే. బుల్బసార్ అప్పుడూ బుల్బసారే, ఇప్పుడూ బుల్బసారే. మన దేశంలో 2016 డిసెంబరులో జియోతో కలిసి ‘పోకెమాన్ గో’ వచ్చినప్పుడు ఫోన్‌లో మొదట కనిపించింది ఎవరు? ఆ ముగ్గురు పిల్లలే.”

“వాళ్లని పట్టుకోకుండా పక్కకి నడుస్తూ పోతే పికాచు కూడా వచ్చేదిలే. ఒక్కోదాన్ని మార్చడానికి ముందు 25 క్యాండీలు, తర్వాత 100 క్యాండీలు. నువ్వు కూడబెట్టలేదా ఏమిటి?”

మావయ్య ఆ ప్రశ్నని వినిపించుకోనట్టు నటిస్తాడు. ఆమె వదలదు. “‘జెడ్-ఏ’లో చికోరీటా, టెపిగ్, టోటోడైల్ ఇచ్చారు కదా. నువ్వు దేన్ని తీసుకున్నావో అడగను, తెలుసు. పదహారులో బేలీఫ్ చేశావా? ముప్ఫయి రెండులో మెగానియం చేశావా, లేక ఆపావా?”

“చేశాననుకో.”

“ఎందుకు చేశావు?”

“మెగా రూపం మెగానియంకే కదే వచ్చేది. చికోరీటా దగ్గర ఆపితే ఎలా?”

మేనకోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. “అయితే చివరిది చూసే పెంచావన్నమాట. పోనీ టైఫ్లోజన్ సంగతైనా తేల్చు. జోటోదా, హిసుయ్‌దా? ఏది కావాలి నీకు?”

“రెండూ సిండాక్విల్ నుంచి వచ్చేవేగా,” అన్నాడు మావయ్య. “నాకు సిండాక్విల్ ఇచ్చి, ఆ రెండింట్లో ఏది బాగుందో నువ్వే లెక్కలేసుకో.”